తడి నుదుటి మీద తొంభై ఏడు

చెల్లీ శారదా,

నీకూ మరిదిగారికీ ఆ దుర్గమ్మ చల్లని చూపు ఉండాలి. ఇక్కడ అమ్మా, నేనూ, తమ్ముడూ బాగున్నాం. చల్లపల్లి వదిలి భవానీపురంలో తమ్ముడింటికి వచ్చి రెండు నెలలైనా ఊరు ఇంకా ఒంటబట్టలేదు. పక్కింటివాళ్ళ పేర్లు కూడా తెలియవు. బెంగపడకు, బాగానే ఉన్నాను.

మొన్న కార్తీక సోమవారం. తెల్లవారకముందే మరదలు పద్మ తలకు చన్నీళ్ళు పోసుకుంది. తడి జుట్టుతోనే నుదుట గంధం పూసుకుని, ముప్పై మందికి వ్రతం వంట మొదలుపెట్టింది. పప్పు కడుగుతూ, "వదినగారూ, ఒళ్ళు కాలిపోతోందండీ" అంది.

"పనున్న రోజే వస్తుందే నీ జ్వరం! పంచాంగం చూసుకుని వస్తుందా?" అంది అమ్మ.

తమ్ముడు కరోనా రోజుల్లో కొన్న గన్ తెచ్చాడు, ఒంటికి తగలకుండా జ్వరం చూసేది. "నువ్వే చూడక్కా. నేను చూస్తే పెళ్ళాన్ని వెనకేసుకొచ్చానంటారు."

నుదుటికి ఎదురుగా పట్టుకుని నొక్కాను. తొంభై ఏడు.

"చెయ్యి పెట్టి చూడండి వదినగారూ."

ఒక చేతిలో గన్, ఒక చేతిలో జపమాల. ముట్టుకోలేదు. "మామూలుగానే ఉందమ్మా" అన్నాను.

"మిషన్ అబద్ధమాడదు. కోడళ్ళే ఆడతారు" అని అమ్మ నవ్వింది.

బూరెలు వేయిస్తూ పద్మ పదకొండింటికి పొయ్యి దగ్గరే కూలబడింది. ఆసుపత్రిలో చంకలో థర్మామీటరు పెడితే నూట నాలుగున్నర. ఇంతవరకూ స్పృహ లేదు.

డాక్టరమ్మ అంది: "ఆ గన్ ఒంట్లోకి చూడదండీ. చర్మం నుంచి కంటికి కనబడని వేడి కిరణాలు వస్తుంటాయి. వాటిని పట్టి అంకె చూపిస్తుంది. తడి నుదురు, పైన గంధం. మీరు కొలిచింది ఆ చల్లదనాన్ని. అమ్మాయి జ్వరాన్ని కాదు."

ఇక్కడి నెయ్యి వాసనే రాదు, దీపాలకు కాస్త ఆవునెయ్యి పంపించు. మీ అత్తగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. పద్మ పేరున శివుడికి ఒక దీపం పెట్టు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. కొండపల్లిలో పద్మ పుట్టింటికి అప్పటికింకా కబురు లేదు.

"జ్వరం పదకొండింటికే ఒక్కసారిగా వచ్చిందందాం. పొద్దున చూశాంగా" అన్నాడు తమ్ముడు.

"ఫోను మన పెద్దమ్మాయే చెయ్యాలి. పూజలు చేసుకునే మనిషి, నమ్ముతారు" అంది అమ్మ.

సరేనన్నాను. వాళ్ళు నిన్నడిగినా అదే చెప్పు. పద్మ లేచి వేరే మాట చెబితే, జ్వరంలో కలవరింత అనాలని కూడా అనుకున్నాం.

నీ పెద్దక్క