ఎద్దడుగు మీద బోర్లించిన గంప

నీలారం రేవు, చెన్నూరు తాలూకా
25 మే 1952

తాటిగూడెం పోలీసు పటేలు రాయమల్లు మామకు ఇవతలి ఒడ్డు పర్శరాములు రాసేది. పెద్దోనివని దండం పెడుతున్న గని కోపం మాత్రం పోలే.

నిన్న మీ రేవుల పదిమంది ముందర ఏమన్నవు? "నాలుగో తరగతి తప్పినోడు నాకు పోలీసు పని నేర్పుతడా?" అన్నవు. మామా, నేను తప్పలే, మానేసిన. తప్పాలంటే పరీక్షకు పోవాలె. నేను పరీక్షకే పోలే.

ఇగ అసలు ముచ్చట. మా బాపు ముత్తయ్య పటేలు కాలు ఇరిగి మంచంల ఉన్నడు. ఆ కాలు అతికేదాక ఈ ఊరికి పోలీసు పటేలును నేనే. నా చేతికి వచ్చిన మొదటి నేరం, కొమురవ్వ ఎర్రెద్దు పోవుడు. మొగుడు సచ్చిపోయినంక ఆమె జోడెడ్లల్ల ఒకటి అమ్ముకున్నది. మిగిలిన ఒక్కదాన్ని పక్కింటోళ్ళ ఎద్దుతోని కట్టి దున్నుకుంటది. మిర్గం కార్తె ఇంక పదైదు రోజులు లేదు. వాన వడి మన రెండూర్ల నడుమ గంగ నిండిందంటే పడవ బందు. అవతల ఉన్న ఎద్దు దసరాదాక అవతల్నే. ఆమె రెండెకరాలు బీడు.

అడుగులు చూసుకుంట పోయిన. మీ దిక్కు మొకం పెట్టి నీళ్ళల్లకు దిగినయి. తాతల నాటి రివాజు నీకెరుకే. అడుగు మీద గంప బోర్లిస్తే దాన్ని ఎవ్వడు చెరపొద్దు. అడుగులు ఏ ఊరి దిక్కు పోతే ఆ ఊరి పటేలు గంప చేతికి తీసుకొని దొంగను దొరికిచ్చుకోవాలె. నేను ఒక అడుగు మీద గంప బోర్లిచ్చి, ఇంకో గంప నీ చేతికిద్దామని తెస్తే నువ్వు కాలితోని తన్నినవు. గది సర్కారు సమను మామా, ఈతాకులతోని అల్లిన సమను.

అడుగును రెండు చీపురుపుల్లలతోని కొలిచి, ఒకటి నా కాడ ఉంచుకొని ఇంకోటి ఈ ఉత్తరం లోపట పెట్టిన. మీ దిక్కు అడుగులు దీనితోని కొలువు.

ఇట్లు,
పర్శరాములు, ఇన్‌ఛార్జి పోలీసు పటేలు

తా.క. నువ్వు తన్నిన గంప మా అవ్వది. ఇప్పపువ్వు ఎండబెట్టాలెనట, తిప్పి పంపు.

ఇంకో తా.క. పడవ హనుమండ్లు నడుమల ఏదో చెప్పవోయిండు. సర్కారు ఉత్తరం మోసేటోనికి కాళ్ళు చేతులు ఉంటే సాలు, నోరుండొద్దు అని చెప్పిన. నువ్వు గూడ చెప్పు.


తాటిగూడెం, అవతలి ఒడ్డు
27 మే 1952

చిరంజీవి పర్శరాములుకు తాటిగూడెం పోలీసు పటేలు రాయమల్లు దీవించి రాయునది. దీవెన రివాజు కోసం రాసిన. మనసుల లేదు.

ఎద్దు పోయిందని గంప పట్టుకొని నా మీదికి వచ్చినవు. నా ఎద్దు గూడ పోయింది. నీకన్న ఒక్క రోజు ముందుగాల పోయింది. ఎడ్ల బేరగాడు లచ్చయ్య ఏరికోరి తెచ్చిన ఎద్దు. దాని అడుగులు గూడ నీళ్ళల్ల దిగినయి, మీ దిక్కు మొకం పెట్టి.

నీ పుల్ల తోని కొలిచిన. గోరంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. సరిగ్గా సరిపోయింది! అంటే నీ గంప కింద ఉన్నది నా ఎద్దు అడుగు. నా ఎద్దు అడుగు నీ ఒడ్డుకు ఎట్ల వచ్చింది? మొకం గంగ దిక్కున్నది అంటవా? దొంగలు ఎద్దును వెనుకకు నడిపిస్తరు బిడ్డా. నలబై ఏండ్ల పటేల్గిరిల ఇసోంటివి శానా చూసిన.

నాకింక మూడు జతల ఎడ్లున్నయి. ఆ ఒక్కటి లేకున్నా నా దుక్కి ఆగది. కని ఇంగ్రేజోళ్ళ కాలం నుంచి ఈ ఊర్ల పటేలు ఎద్దును ముట్టిన మొగోడు లేడు. ఇది ఇజ్జత్ ముచ్చట. మూడు రోజుల్ల ఎద్దును అప్పజెప్పు.

ఇట్లు నీ మేలు కోరే (కోరుదామనుకుంటున్న),
రాయమల్లు పటేలు

తా.క. మీ అవ్వ గంపల మా కోడి పొదుగుడుకు కూసున్నది. ఇరవై ఒక్క రోజులు కదిలించరాదు. కోడి మీద నా అధికారం నడవది.

ఇంకో తా.క. హనుమండ్లు నా దగ్గర గూడ నోరు తెరిచిండు. నీ హుకుమే చెప్పి మూయించిన. ఈ ఒక్క విషయంల మన రెండు సర్కార్లు ఒక్కటే.


నీలారం రేవు
30 మే 1952

రాయమల్లు మామకు కుంటుకుంట దండాలు.

నువ్వు చెప్పినట్టు మా ఎద్దును వెనుకకు నడిపించి చూసిన. రెండడుగులు వేసింది. మూడోది నా తొడ మీద వేసింది. ఇప్పుడు మా ఇంట్ల ఇద్దరు పటేండ్లు కుంటోళ్ళే.

ఠాణాల అమీన్ సాబు కాడికి గూడ పోయిన. "అవతల మధ్యప్రదేశ్, ఇవతల మన హైదరాబాద్ ఇలాక. గంగ దాటినంక నా లాఠీ ఉత్త కట్టెరా" అన్నడు. పై సాబుకు రాస్తా, ఆయన ఇంకా పై సాబుకు రాస్తడు, గాయన మీ పై సాబుకు రాస్తడు అన్నడు. ఎన్ని రోజులైతది అంటే ఎద్దు వయసెంత అని అడిగిండు.

కొమురవ్వ పొద్దుగాల్నుంచి మా అరుగు మీద్నే కూసుంటుంది. తిట్టది, ఏడవది. నేను రాస్తుంటే చూస్తది. నిన్న ఒక్క మాట అన్నది. "కొడుకా, గీ కాయితాలు నాగలి గుంజుతయా?" మామా, గప్పటి నుంచి నాకు బువ్వ తినబుద్ధయితలేదు.

దొంగకు సరిహద్దు లేదు, మనకున్నది. గందుకే వాడు మనకన్న హుషారు. ఒక ఒప్పందం చేసుకుందాం. ఎల్లుండి ఐతారం నేనొచ్చి మీ కొట్టాలు తనిఖీ చేస్త. నువ్వు గూడ మనిషిని పంపి మావి చేయించుకో. లాఠీలు వద్దు, తిట్లు వద్దు.

ఇట్లు,
పర్శరాములు

తా.క. నా తొడ మీది అడుగును గూడ పుల్లతోని కొలిచిన. నీ ఎద్దుది గాదు.


తాటిగూడెం
3 జూన్ 1952

పర్శరాములుకు రాయమల్లు పటేలు రాయునది. ఈసారి దీవెన లేదు.

తనిఖీ అయింది. ఏం తనిఖీ అది? మా ఆడోళ్ళు పోసిన మజ్జిగ మూడు చెంబులు తాగినవు, మా పెయ్యదూడ డెక్కను కొలిచినవు, పోయినవు.

మా మనిషి కొమురెల్లి మీ దిక్కు వస్తే ఏమయింది? కరోడ్‌గిరి నాకా జవాను సుంకం అడిగి పట్టుకున్నడు. వాని చేతుల గంప ఉన్నదట.
"అమ్మకానికా?"
"గాదు, అడుగు మీద బోర్లిచ్చేటందుకు."
"ఎవని అడుగు?"
"ఎద్దుది."
"ఎద్దేది?"
"లేదు."
లేని ఎద్దుకు గంప తెచ్చినోడు ఉత్త మనిషి గాడని పొద్దుమూకేదాక ఎండల కూసుండబెట్టిండు. ఇదేనా నీ ఒప్పందం?

ఇగ నాకు ఓపిక లేదు. రెండు దిక్కుల పెద్ద పోలీసు సాబులకు రాసిన. ఎనిమిదో తారీకు నాడు ఇద్దరు వచ్చి గంగ ఒడ్డున కూసుంటరు. నా ఎద్దు అడుగును కొలిచిన పుల్ల గూడ పంపుతున్న, నీ పుల్ల పక్కన పెట్టి చూసుకో. సాబుల ముందర ఏం జవాబు చెప్తవో తయారు చేసుకో.

ఇట్లు,
రాయమల్లు పటేలు

తా.క. కోడి కింద పదకొండు గుడ్లున్నయి. సాబులకు కావాలెనంటే కోడి ఇచ్చేటట్టు లేదు.

ఇంకో తా.క. హనుమండ్లు ఈ నడుమ పడవల పచ్చగడ్డి మోపు పెట్టుకొని తిరుగుతుండు. పడవకు గడ్డి ఎందుకురా అంటే నోటి మీద వేలు పెట్టుకున్నడు. ఎండ దెబ్బ తగిలినట్టున్నది.


గంగ నడుమ తిప్ప మీదికెల్లి (ఏ సర్కారుదో తెల్వది)
7 జూన్ 1952

రాయమల్లు మామా, మోకాలు మీద కాయితం పెట్టి రాస్తున్న. అక్షరాలు ఒంకర పోతే చదువు తక్కువైందనకు, గాలి ఎక్కువున్నది.

పొద్దుగాల అరుగు మీద నీ పుల్ల, నా పుల్ల పక్కపక్కన పెట్టి చూస్తున్న. కొమురవ్వ వంగి చూసింది. నవ్వింది. మళ్ళ కొంగు మొకానికి పెట్టుకున్నది.

"జోడెడ్లను కొన్ననాడు మా ఇంటాయన గిట్లనే పుల్ల వెట్టి కొలిచిండు కొడుకా. డెక్క డెక్క సరిపోతెనే కొన్నడు."

"అమ్మిన ఎద్దు ఎటు పోయింది అవ్వా?"

"లచ్చయ్య బేరగాడు గంగ దాటించిండు."

మామా, నీ ఎద్దు గదే. ఆరేండ్లు రెండు ఒక్క కాడి కింద నడిచినయి. దొంగా లేడు, దొరా లేడు. అది అటు నుంచి దిగింది, ఇది ఇటు నుంచి దిగింది.

మరి నడుమ ఏమైనయి అని నేను తల గోక్కుంటుంటే హనుమండ్లు దగ్గిండు.

"నీకెరుకేనారా?"

"మొదటి రోజు నుంచి ఎరుకే. నోరుండొద్దని ఇద్దరు పటేండ్లు అన్నరు. చేతులుండొచ్చన్నరు గదా, గందుకే గడ్డి కోసి ఏస్తున్న."

వాని పడవెక్కి వచ్చి చూస్తే, పదైదు రోజుల నుంచి ఈ తిప్ప మీద్నే ఉన్నయి మామా. ఒకదాని మెడ మీద ఒకటి మెడ పెట్టుకొని నెమరేస్తున్నయి. మనం గంపలు మోసినం.

ఇప్పుడు కత ఏందంటే, ఎగువల రాత్రి నుంచి వాన. నీళ్ళు ఎర్రగైనయి. నేను వచ్చినప్పుడు చేనంత ఉన్న తిప్ప ఇప్పుడు మీ వాకిలంత ఉన్నది. ఒక్కదాన్ని నీ దిక్కు తోలి చూసిన, రెండోది అరుచుకుంట వెనుకనే వచ్చింది. ఏ ఒడ్డుకు పోయినా రెండు ఒక్క దిక్కే పోతయి. రేపు సాబులు వచ్చి గీత గీసేదాక గంగ ఆగేటట్టు లేదు.

గందుకే రెండిటిని మా ఒడ్డుకు తోలుకపోతున్న. నీకు మూడు జతలున్నయని నువ్వే రాసినవు. కొమురవ్వకు మిర్గం ఒక్కటే ఉన్నది. సాబులకు గిట్ల రాసియ్యి: "తాటిగూడెం పటేలు ఎద్దును నీలారం ఇన్‌ఛార్జి పటేలు దొంగిలించి గంగ దాటించిండు. నేరం తన చేతితోనే రాసిచ్చిండు." దసరాకు నీళ్ళు తగ్గినంక యాసంగికి రెండిటిని నీ కొట్టంల కట్టేస్త. వానకాలం మాకు, యాసంగి మీకు, జతను మాత్రం ఇగ విడగొట్టేది లేదు. గిదే మన రెండు సర్కార్ల ఒప్పందం. నచ్చకుంటే నన్ను అరెస్టు చేసేటందుకు రా, మా అవ్వ మజ్జిగ పోస్తది.

హనుమండ్లు గీ ఉత్తరం నీకు తెస్తుండు. నేను తోక పట్టుకొని ఈదుత. నువ్వు చదివేటాళ్లకు మేము ముగ్గురం ఇవతల ఉంటం. వానికి నోరు మళ్ళ ఇచ్చిన, ఏదన్న ఉంటే అడుగు.

తప్పించుకపోయిండనకు. నా అడుగు ఒకటి ఇక్కడ ఇసుకల సక్కగ పడ్డది. కోడి లేసినంక మా అవ్వ గంప తెచ్చి దాని మీద బోర్లి

నీళ్ళొచ్చినయి. పోవాలె.