లేని గర్భసంచి బాగుందట

బావా, పులుసు కలుపుతూ రాస్తున్నాను, వెళ్లేముందు దించేస్తాను. కంపెనీ ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని పదకొండింటికల్లా జగదాంబ జంక్షన్ దగ్గర మహేశ్వరిగారి స్కానింగ్ సెంటర్‌కి రా. ఆ కార్డు అక్కడ చెల్లుతుంది, అడిగాను. ఆవిడ రేడియాలజీలో ఎండీ. గోడ మీది రిజిస్ట్రేషన్ నంబరు మెడికల్ కౌన్సిల్‌కి ఫోన్ చేసి సరిచూశాను.

నీ స్నేహితుడు కోటి చూపించిన పెద్ద డాక్టరు, అత్త స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి చక్కగా ఉందని రాశాడు. పదేళ్ల కిందటే తీసేసినది ఇంకా చక్కగా ఉందంటే ఎంత హస్తవాసి! "తెల్లకోటేసుకున్నాడు, ఇంకేటి కావాలే నీకు?" అన్నావు. కడుపునొప్పితో అత్త మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. నీకు చెప్పొద్దంది.

కోటిని వెంటబెట్టుకు రాకు.

ఆ రిపోర్టు చదివి వినిపిస్తే అత్త నవ్వుతుందనుకున్నాను. చేపల బజారులో అందరి నోరూ మూయించే మనిషి, చెప్పులేసుకుని, నాకోసమైనా ఆగకుండా జగదాంబ బస్సుకని బస్టాపు వైపు వెళ్లిపోయింది.