పదిహేడో పేజీ

అమ్మ పేజీ తీసేశావు. నేను భోజనానికి వెళ్ళిన సమయం చూసి మా ప్రింటింగ్ షాపుకు వచ్చి, పక్క సీటు ఆపరేటరు చేత నీ సొంత అక్క పేజీ తీయించావు మావయ్యా. పదిహేడు పేజీలతో పుస్తకం కుదరదని, పదహారుకు దించమని మా ఓనరుకు చెప్పావట. అబద్ధం. వర్డ్‌లో పేజీలను చిన్న పుస్తకం వరసలో పేర్చే ఆ బుక్‌లెట్ యాడ్-ఆన్ నాకెవరూ నేర్పలేదు, కాగితాలు పాడుచేసి తిట్లు తిని నేర్చుకున్నాను. పేజీలు నాలుగేసి చొప్పున సరిపోకపోతే చివర తెల్ల పేజీలు అదే కలుపుకుంటుంది. మూడు తెల్ల పేజీలు మిగిలితే నీ సొమ్మేం పోయింది?

కుర్చీల కార్ఖానా మూతపడ్డాక, పనిచేసిన వాళ్ళందరి జ్ఞాపకాలూ చిన్న పుస్తకంగా వేద్దామన్నది నువ్వే. నేను తీసిన మొదటి నమూనాలో మూడో పేజీ తర్వాత పద్నాలుగోది వచ్చింది. వార్నిషు తాత పనిలో చేరబోయి రంపం మేస్త్రీ పెళ్ళిలో తేలాడు. "ఇది పుస్తకమా, పేకముక్కలా?" అన్నావు. అమ్ముడుపోని కుర్చీల మీద కూర్చుని మీరంతా కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఖాళీ షెడ్డులో ఇంకా రంపపు పొట్టు వాసన, కాచిన జిగురు వాసన. బడి అయ్యాక నేను ఆ వాసనలోకే వచ్చేదాన్ని. అమ్మ కుర్చీ చేతులకు గరుకు కాగితం రుద్దుతుంటే, నువ్వు నన్ను చెక్కల గుట్ట మీద కూర్చోబెట్టి ఎక్కాలు అప్పగించుకునేవాడివి. తప్పు చెబితే నా ముక్కుకు పొట్టు పూసేవాడివి. ఆ మావయ్య ఎటు పోయాడు?

అమ్మకు చదువు రాదు. తను చెబుతుంటే నేను టైపు చేశాను. ఇంతకీ ఏం చెప్పింది? పనిలో చేరిన కొత్తలో నువ్వు సుత్తి వేలి మీద వేసుకుని, మేస్త్రీ తిడతాడని తన బల్ల కింద దూరి ఏడ్చావని. నువ్వు చెడగొట్టిన కుర్చీ కాలు తనే చెడగొట్టానని చెప్పి తిట్లు తిన్నానని. చెబుతూ మురిసిపోయింది. "వాడు ఫోర్‌మన్ అయిననాడు నాకే ప్రమోషన్ వచ్చినట్టనిపించింది, అది కూడా రాయవే" అంది.

నువ్వు ఏడ్చిన సంగతి నలుగురూ చదువుతారని నీకు నామోషీ. అందరూ ఏడ్చినవే చెప్పుకున్నారు కదా. మేకు నోట్లో పెట్టుకుని తుమ్మి మింగినవాడు కూడా దాచుకోలేదు. నీ పేజీలోనే మనిషి కనబడడు, ఎన్ని కుర్చీలు చేయించావో తప్ప.

నిన్న అమ్మ తన పేజీ పక్కింటావిడ చేత చదివించుకుంటానంది, ఎప్పుడు తెస్తావని అడిగింది. ఇంకా సిరా ఆరలేదన్నాను. నీ పరువు కోసం అమ్మకు అబద్ధం చెప్పాను.

ఆ పేజీ నేనే తిరిగి పెట్టగలను, రెండు నిమిషాల పని. పెట్టను. తీయించినవాడివి నువ్వే పెట్టించాలి. శనివారం పొద్దున ప్రింటు మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు మా ఓనరుకు ఫోన్ చెయ్యి. చెయ్యనంటావా, అదే ఆరింటికి మా ఇంటికి రా. అమ్మ ఎదురుగా కూర్చుని, ఎందుకు తీయించావో నీ నోటితో చెప్పు. నేను చెప్పను.

నీ మేనకోడలు,
మొండిఘటం