వెనక వరసలో బ్రెడ్డు

సోమవారం, ఉదయం 6:00
నిర్ణయం అయిపోయింది. ఈరోజు నుంచి ఈ ఇంట్లోకి పాత బ్రెడ్డు రాదు!
కారణం మా అత్తగారు ప్రేమమణి గారు. పోయినసారి ఆవిడ వచ్చినప్పుడు, నేను తెచ్చిన బ్రెడ్డుకి జామ్ రాస్తుంటే అడుగున ఆకుపచ్చ బూజు. నన్నేమీ అనలేదు. కాకినాడ వెళ్లాక మాత్రం, "మా అల్లుడు గారు ఇంజనీరేగానీ బ్రెడ్డు ఎంచుకోవడం రాదు పాపం" అని అందరికీ చెప్పింది. ఆ "పాపం" దగ్గరే నా పరువు పోయింది. ఆవిడ ఈ ఆదివారం మళ్లీ వస్తోంది.
నియమాలు: తేదీ చూడాలి. బొటనవేలితో నొక్కాలి. ముందు వరసది ముట్టుకోకూడదు. తాజావి వెనకే పెడతారు.

7:10
యాప్రాల్‌లో మా సందు చివర రాజేందర్ కిరాణా. భుజం దాకా చెయ్యి దూర్చి వెనకది లాగాను. ఇవాళ్టి తేదీ! రాధికకి చూపించాను. "మనిద్దరికీ ఇంత పెద్దదా?" అంది. మా ఆవిడకి విజయం విలువ తెలియదు.

మంగళవారం
మళ్లీ వెనకదే. గెలుపు ధీమాలో తేదీ చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే శనివారానిది! పరుగెత్తాను.
"మీరు ఎన్కకెల్లి గుంజుతరని ఎరుకైంది సార్," అన్నాడు రాజేందర్, సిగ్గేమీ లేకుండా. "గందుకే పాతయి ఎన్క వెట్టిన."

బుధవారం
తెలివిగా ముందుది తీశాను. అదీ పాతదే!
"ఇయ్యాల ముంగటిది తీస్తరనుకున్న సార్."
ఇక మిగిలింది మధ్యది. లాగాను. పద్నాలుగు ప్యాకెట్లు నా నెత్తిన పడ్డాయి. పైగా నా మీదే ఫిర్యాదు: "జెర పిసుకుడు బంద్ చెయ్యుండ్రి సార్. మీ ఏలు గుర్తున్నదని మీ పక్కింటి కల్పలత మేడం బ్రెడ్డు వాపస్ ఇచ్చింది."

గురువారం
బ్రెడ్డు వ్యాన్ దగ్గరే పట్టుకుంటే? 5:40కే స్కూటర్ వేసుకుని వెళ్లి కొట్టు ముందు నిలబడ్డాను. అది 7:05కి వచ్చింది. వెచ్చటి బ్రెడ్డు! స్కూటర్ మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంటికొచ్చేసరికి నా పొట్ట ఆకారంలో ఉంది. అయినా తాజానే.

శుక్రవారం
అలారం మోగింది. వాన పడుతున్నట్టు అనిపించి మళ్లీ ముసుగు తన్నాను. లేచి చూస్తే ఎండ, ఎనిమిదిన్నర. ఫ్రిజ్‌లో పేరుకున్న బ్రెడ్లన్నిటినీ రాధిక ఉప్మా చేసింది. రెండు పూటలా అదే.

శనివారం, సాయంత్రం 7:00
పొద్దున వెళ్లలేదు. క్రికెట్ ఉంది. ఇప్పుడు వెళ్తే అరలో ఒకే ఒక్కటి, బుధవారానిది. కొంటే నామోషీ, కొనకపోతే రేపటికి అసలుకే మోసం. కొన్నాను. రాధిక చూడకుండా బీరువా మీద దాచాను. ఛీ, నా బతుకు.

ఆదివారం, 7:05
భయానికి మెలకువ వచ్చింది. వ్యాన్ దగ్గర వెచ్చటి బ్రెడ్డు దొరికింది!

10:00
అత్తగారు దిగారు. పళ్లెంలో పెట్టి చూపించాను. "డాక్టరు బ్రెడ్డు మానెయ్యమన్నాడు అల్లుడు గారూ. డబుల్ కా మీఠా చేసేస్తాను." స్వీట్‌లో వేస్తే బ్రెడ్డు కింద లెక్క కాదట.

11:15
నేతిలో వెయ్యగానే ముద్దయిపోయింది. "ఇంత తాజాది దేనికండీ? నాలుగు రోజులు ఎండింది ఉండాలి. ఎంచుకోవడం..." పాపం అనబోతోంది! కుర్చీ ఎక్కి బీరువా మీది బ్రెడ్డు దించాను. ఆవిడ బల్లకేసి కొట్టింది. టక్‌మంది.
"ఇదండీ బ్రెడ్డంటే!"
వెంటనే కాకినాడకి ఫోన్: "నాలుగు రోజుల ముందే ఆలోచించి దాచారు మా అల్లుడు గారు!" నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. నిజం మాత్రం చెప్పలేదు.

సోమవారం, 6:00
అత్తగారు ఇక్కడే ఉండి శుక్రవారం మళ్లీ మీఠా చేస్తుందట, నేనెంచిన బ్రెడ్డుతోనే. కొత్త నిర్ణయం. ఈరోజు నుంచి ఈ ఇంట్లోకి తాజా బ్రెడ్డు రాదు! నొక్కితే లొంగకూడదు.

7:10
రాజేందర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇగ పరేషాన్ గాకుండ్రి సార్. మీ కోసమే పాతయన్ని వాపస్ పంపిన. ముంగట, ఎన్క, నడ్మ, అన్ని ఇయ్యాల్టియే!"
చేసేది లేక తాజాదే కొని బీరువా మీద పెట్టాను. శుక్రవారానికి అదే ఎండుతుంది.

8:00
రాధిక టోస్ట్ తెచ్చి ముందు పెట్టింది. "బీరువా మీద మంచి బ్రెడ్డు దొరికిందండీ. ఇంత మెత్తటిది ఎప్పుడూ తేలేదు మీరు."
నాలుగు ముక్కలు తిన్నాను. చాలా బాగుంది.
రేపటి నుంచి బ్రెడ్డు బీరువా లోపల పెట్టి, తాళం వేస్తాను.