తోటికోడలి మీద నా ఫిర్యాదు

మార్చి 2, సాయంత్రం

నాకు చదువు రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరో కనిపెట్టినట్టు మాట్లాడకూడదని. నేను చెబుతుంటే ఫోన్ రాసుకుంటోంది. తేదీ కూడా అదే వేసుకుంటుందట.

బతుకంతా దర్జీ పని చేశాను. కొలతలు దారానికి ముళ్ళు వేసి గుర్తుపెట్టుకునేదాన్ని. ఏ ముడి ఎవరి భుజమో, ఏ ముడి ఎవరి నడుమో అడిగితే ఇప్పటికీ చెబుతాను. బిగుతయిందని తిరిగి తెచ్చినవాళ్ళు ఒక్కరు లేరు.

రేపు కొండమీది గుడికి కాలినడకన బయలుదేరుతున్నాం. ఇరవై రెండు రోజుల నడక. నేనూ నా తోటికోడలూ, ఇంకో పదిమంది. తోటికోడలంటే మా ఆయన తమ్ముడి భార్య. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయింది. అందరూ టీచరమ్మ అంటారు. నేనూ అదే అంటాను, కాకపోతే వాళ్ళు అన్నట్టు కాదు.

మా ఆయన పోయి మూడేళ్ళు. ఆయన పేరు మీద నడవాలనుకున్నది నేను. తోడొస్తానంది ఆవిడ. వస్తూ వస్తూ బ్లాగ్ కూడా తెచ్చింది. ఏ రోజు సంగతి ఆ రోజు రాస్తే ఎక్కడెక్కడివాళ్ళో చదువుతారట. నడక మొదలుకాకముందే రెండు వందల మంది చేరారట. చెబుతుంటే ఆ కళ్ళజోడు ఎన్నిసార్లు తుడుచుకుందో!

నాకూ బ్లాగ్ కావాలన్నాను. మా అమ్మాయి కూతురు నవ్వలేదు. అందుకే అదంటే నాకు ప్రాణం. మూడు రకాలు చూపించింది. ఒకటి ఫోటోలు పెట్టి కింద రాసేది. అది టీచరమ్మ మార్కు, వద్దన్నాను. ఇంకోటి ఫోన్‌ని ఎదురుగా పెట్టుకుని వీడియో తీసుకునేది. ఈ మొహం పెట్టుకుని రోజూ ఎవరికి కనబడను? మూడోది ఇది. మైకు నొక్కాలి, మాట్లాడాలి, బాణం నొక్కాలి. ఎవరికి పంపాలి అని గుండ్రటి బొమ్మలు వస్తాయి. మా ఇంటి పెళ్ళి ఫోటో ఉన్న బొమ్మ నొక్కితే చుట్టాలందరికీ ఒకేసారి వెళ్తుంది. ఇంతకంటే తేలిక బ్లాగ్ లోకంలో లేదు అమ్మమ్మా అంది.

సరే. చుట్టాలందరూ వినండి. ఎవరు ఎలాంటివాళ్ళో ఈ ఇరవై రెండు రోజుల్లో తేలుతుంది.

మార్చి 3, సాయంత్రం

పదిహేను కిలోమీటర్లు నడిచాను. నిన్న పంపినదానికి ఒక్కరూ జవాబివ్వలేదు. ఆవిడకి ముప్ఫై ఒక్క కామెంట్లు. టీ తాగుతూ పైకి చదివింది. ఎవరో మీ ధైర్యానికి నమస్కారం అన్నారట. నడిచిన కాళ్ళు రెండు జతలు, నమస్కారం ఒక జతకి.

మార్చి 5

మొన్న బాణం నొక్కానో లేదో, ఆవిడ ఫోన్ టింగుమంది. అంతకుముందు రోజూ అంతే. నేను నోరు మూసీ మూయగానే ఎవరో ఆవిడని పొగుడుతున్నారు. కాచుక్కూర్చుంటారు కాబోలు.

మా గుంపులో ఒక నర్సు ఉంది. కాళ్ళ పొక్కులకి మందు రాస్తుంది. ఆవిడ టీచరమ్మ బ్లాగ్ రోజూ చదువుతుందట. నా గురించి ఏం రాసిందని అడిగాను. వెతికి వెతికి చెప్పింది. "నాతో మా అక్క కూడా ఉంది" అని ఉందట. కూడా! పెట్టె కూడా ఉంది, గొడుగు కూడా ఉంది, అక్క కూడా ఉంది.

బసలో కిటికీ పక్క మంచం రోజూ ఆవిడదే. నేను తలుపు పక్కన. వచ్చేపోయేవాళ్ళందరి చెప్పుల దుమ్మూ నా మొహం మీదే.

మార్చి 6

కిటికీ పక్కన నువ్వు పడుకో అక్కా, నాకు గాలి పడటం లేదు అంది. ఏదో ఉంది దీని వెనక.

మార్చి 8, మధ్యాహ్నం

రోడ్డు పక్క చెట్టు నీడలో కూర్చుని చెబుతున్నాను. ఆవిడ అరమైలు ముందుంది. ఎప్పుడూ ముందే. ఫోటోలో వెనక ఎవరూ ఉండకూడదు కదా. నాకంటే ఆరేళ్ళు చిన్నది. ఆ ఆరేళ్ళూ ఆవిడ కాళ్ళలోనే ఉన్నాయి. ఇంకో సంగతి. ఎడమకాలు కుంటుతుంది, చూసేవాళ్ళు ఉన్నప్పుడు మాత్రమే.

మార్చి 9

ఇవాళ పొద్దుటి నుంచి నా వెనకే నడిచింది. కుంటలేదు కూడా. నేను ఆగితే ఆగింది. ముసలిదాన్ని నడిపించుకొస్తున్నానని అందరికీ కనబడాలి. ముందు నడిచినా ఆవిడ గొప్పే, వెనక నడిచినా ఆవిడ గొప్పే. నేనేం చేయను, పక్కకి నడవనా?

మార్చి 11

మీలో ఒక్కరు కూడా అలాగా అని అనలేదు. పది రోజులు. గోడకి చెప్పుకున్నా కనీసం బల్లి పలికేది. పలక్కపోయినా ఇవాళ అసలు మాట చెబుతాను.

మా ఆయన రోజూ పొద్దున పేపరు పట్టుకుని వరండాలో కూర్చునేవారు. టీచరమ్మ తన వాటాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడేది. చూశారా బావగారూ, ఇలా రాశాడు వీడు అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. నేను టీ గ్లాసులు పెట్టి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఏమిటండీ ఆ నవ్వు అంటే, నీకు చెప్పినా తెలియదులే అనలేదు ఆయన ఎప్పుడూ. చెప్పేవారు. చెబితే అందులో నవ్వు ఉండేది కాదు. అదే నా బాధ. ఇద్దరి మధ్యా తప్పేమీ లేదని నాకు తెలుసు. తప్పుంటే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని, సులువుగా పోయేది. అక్షరాలని ఏం పట్టుకుని ఈడ్చను?

మార్చి 14, సాయంత్రం

ఇవాళ కాళ్ళు వాచాయి. నర్సు బకెట్లో వేడినీళ్ళు పెట్టింది. కూర్చుని చెబుతున్నాను, పొడుగ్గా ఉంటుంది.

పెళ్ళయిన నాలుగేళ్ళకి మా ఆయన ఓడలు కట్టేచోట వెల్డింగ్ పనికి వెళ్ళారు. రెండున్నరేళ్ళు. నెలకో ఉత్తరం. చదివేది ఎవరు? కొత్తగా కాపురానికొచ్చిన టీచరమ్మ. వంటింట్లో పీట మీద కూర్చుని చదివేది. మా అత్తగారు ఓ పక్క, నేను ఓ పక్క. జవాబు కూడా ఆవిడే రాసేది, నేను చెబుతుంటే. నా మొగుడి మాటలు ఆవిడ గొంతులోంచి వచ్చేవి. ఇక్కడ వానలు, నాకు బాగానే ఉంది, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి. అంతే. కట్టుకున్నదానికి రాసే ఉత్తరమా అది అనుకునేదాన్ని.

ఆఖరి ఉత్తరం వచ్చిన రోజు బాగా గుర్తు. కవరు చింపింది. మొదటి వరస మీద కళ్ళు ఆగిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని ఇక్కడ వానలు అని మొదలుపెట్టింది. గుడ్డ చూసి అడ్డం కోసిందో నిలువు కోసిందో చెప్పే కళ్ళు నావి. కాగితం మీద కళ్ళు ఒకచోట ఉన్నాయి, నోరు ఇంకోచోట ఉంది.

ఆర్నెల్లకి ఆయన వచ్చారు. వెళ్ళిన మనిషి కాదు. మంచివారే, కానీ తలుపు దగ్గరకి వేసుకున్నట్టు ఉండేవారు. ఉప్పుగాలికి అలా అయ్యారనుకున్నాను. ముప్ఫై అయిదేళ్ళు అలాగే అనుకున్నాను.

చుట్టాలందరికీ నా ఫిర్యాదు ఇదే. ఆ ఉత్తరంలో ఏదో ఉంది. ఆవిడ దాచింది. గుడిమెట్లు ఎక్కేలోపు మీరే ఎవరైనా అడిగి చెప్పించండి.

మార్చి 15

ఆవిడ ఇవాళ బ్లాగ్ రాయలేదు.

మార్చి 16

ఇవాళ కూడా రాయలేదు. భోజనం ముట్టలేదు. ఒంట్లో బాలేదేమో చూడమని నర్సుకి చెప్పాను. జ్వరం లేదట.

మార్చి 17, సాయంత్రం

మనవరాలు ఫోన్ చేసింది. అమ్మమ్మా, రోజూ చెబుతానన్నావు, ఒక్కటీ పంపలేదేంటి, కాళ్ళనొప్పులా అంది. ఒక్కటీ ఏమిటే, పది పంపాను అన్నాను. రాలేదంది. నర్సుకి ఫోన్ ఇచ్చి చూడమన్నాను. చూసి నా మొహం చూసింది. అమ్మా, ఇవన్నీ ఒక్కరికే వెళ్ళాయి అంది.

పెళ్ళి ఫోటో బొమ్మలు రెండున్నాయట. ఒకటి చుట్టాలందరిదీ. రెండోది టీచరమ్మది. ఆవిడ కూడా ఆ ఫోటోనే పెట్టుకుంది. గోరంత బొమ్మ, కింద పేర్లుంటాయట. పేర్లు నాకెందుకు తెలుస్తాయి? పైన ఉన్నది నొక్కుతూ వచ్చాను.

ఆ టింగు నాదే. కిటికీ మంచం నాదే. వెనక నడవడం నాదే. నేను తిట్టిన ప్రతి తిట్టూ ఆవిడ వేడివేడిగా చదువుకుంది.

ఇక బాణం నొక్కను. ఎవరికీ పంపను. చెప్పుకోవడం మాత్రం మానను.

మార్చి 18

టీచరమ్మని బస్‌స్టాప్ బల్ల మీద కూర్చోబెట్టాను. అందరినీ ముందుకి పొమ్మన్నాను.

చదువుతూ నోరు మూసుక్కూర్చున్నావా అన్నాను. మొదటిరోజే చెప్పబోయాను అక్కా అంది. ఇంకొక్కరోజు చదివి చెబుదాం అనుకుందట. నన్ను ఇంత కళ్ళప్పగించి ఎవరూ చూళ్ళేదు అక్కా, తిట్టడానికైనా అంది. చదవడం మానలేకపోయాను, అప్పుడూ అంతే అంది. అప్పుడూ అంటే ఎప్పుడే అన్నాను.

అప్పుడు చెప్పింది. ప్రతి ఉత్తరం అడుగునా తనకి రెండు వరసలు ఉండేవట. అమ్మాయీ, మీ అక్కకి రోజుకి నాలుగు అక్షరాలు నేర్పించు అని. అవి పైకి చదవకుండా మడిచేసేదట. జవాబులో నేర్పుతున్నాను బావగారూ, బాగా పట్టుకుంటోంది అని రాసేదట. నా నోటి మాటల కింద తన అబద్ధం.

ఎందుకే అన్నాను. నీకు నేర్పితే ఆ కవరు చింపే పని నాకెక్కడిది అక్కా అంది. నాకెవరు రాశారు? మీ మరిది పక్క గదిలోనే ఉండేవాడు, నోరు తెరిస్తే తువ్వాలేదీ అనేవాడు. నెలకోసారి ఒక మొగాడు ఒక ఆడదానికి రాసింది చదివేదాన్ని. బావగారి మీద కాదు అక్కా, ఒట్టు. ఉత్తరం మీద.

నా మీద ఆవిడకి అసూయ! చదువున్న మనిషికి! నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

ఆఖరి ఉత్తరం నాకు చదువు వచ్చేసిందనుకుని రాశారట. నాకొక్కదానికే. అత్తగారి ముందు పైకి చదివే మాటలు కావు. అందుకని అప్పటికప్పుడు వానలు కల్పించింది. తర్వాతైనా చెప్పచ్చుగా అంటే, చెబితే మిగతా అబద్ధాలన్నీ బయటపడేవి అంది. ఆయన వచ్చాక ఒక్కసారి ఈవిడని అడిగారట. అక్కకి ఇష్టం లేదు, మధ్యలో మానేసింది అని చెప్పిందట. అయితే బలవంతం చేయకులే అన్నారట.

ఇప్పుడు గుర్తొస్తోంది. వచ్చిన రోజు సంచీ కింద పెట్టి, ఉత్తరం అందిందా అన్నారు. అందింది అన్నాను. మరి? అన్నారు. మరేముంది, కాళ్ళు కడుక్కోండి అన్నాను.

ఆ కాగితం ఏదే అన్నాను. తన దగ్గరే దాచుకుందట. ఇల్లు మారినప్పుడు చెదలు తినేశాయట. కానీ నాకు కంఠతా వచ్చు అక్కా అంది.

మార్చి 19

నా మొగుడి మాటలు ఆవిడకి కంఠతా వచ్చు. నాకు రావు. ఇంత కడుపుమంట పుట్టి ఎరగను.

మార్చి 21

నిన్న చెప్పమన్నాను. చెప్పింది. ఇవాళ పొద్దున మళ్ళీ చెప్పించాను. మధ్యాహ్నం నిద్రలోంచి లేపి మళ్ళీ. గుడ్డ కోసేముందు రెండుసార్లు కొలుస్తాను, అలవాటు. ఒక్క మాట తేడా రాలేదు. ఇది కల్పించింది కాదు.

ఏడ్చి, తన తప్పంతా బ్లాగులో రాసేస్తానంది. బ్లాగ్ చదివేవాళ్ళు ఇప్పుడు నాలుగు వందల మంది అయ్యారట, వాళ్ళందరి ముందూ తలవంచుకుంటుందట. చెయ్యి విరగ్గొడతానన్నాను. ముప్ఫై అయిదేళ్ళు ఒక్కత్తివి చదివింది చాల్లేదా, ఇప్పుడు నా ఉత్తరం ఇంకో నాలుగు వందల మందికి పంచిపెడతావా?

మార్చి 24, సాయంత్రం

ఎక్కాం. ఆరు వందల మెట్లు. కింద కూర్చుండిపోయి, నాకు పైకొచ్చే మొహం లేదు అక్కా అంది. మొహం ఎవడడిగాడు, నోరు కావాలి, లే అన్నాను.

మెట్టుకో మాట ఆవిడ చెప్పింది. నేను తిరిగి చెప్పాను. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. సగంలో ఆవిడకి ఆయాసం వచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. జాలి కాదు. పడిపోతే మిగతా ఉత్తరం ఎవరు చెబుతారు? నాలుగు వందలు దాటాక ఆవిడ ఆగిపోయినా నేను చెప్పుకుంటూ వెళ్ళాను. ఒకచోట తప్పాను. దిద్దబోయి నోరు మూసుకుంది. దిద్దు అన్నాను.

క్షమించావా అని నర్సు అడిగింది. నీకెందుకమ్మా, పొక్కులు చూసుకో అన్నాను.

ఇదిగో, ఎవరి సాయం లేకుండా చెబుతున్నాను:

"నువ్వే చదువుకుంటున్నావని తెలిసి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ అందరూ వింటారని వానల గురించి రాశాను. వానలు నీకెందుకు. దారం కొరికేటప్పుడు నువ్వు ఒక కన్ను మూస్తావు. ఇక్కడ పని మధ్యలో అది గుర్తొస్తుంది. వచ్చేటప్పుడు నీకేం తేవాలి? నీ చేత్తో రాయి. వంకరగా ఉన్నా సరే. జవాబు కోసం చూస్తుంటాను."

మార్చి 25

ఏమండీ, ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. నాకు కత్తెర తెండి. ఎడమచేత్తో పట్టుకునేది. ఇక్కడ దొరికేవన్నీ కుడిచేతివాళ్ళవి, బొటనవేలు ఒరుసుకుపోతోంది.