టిక్కుమంటున్న డ్రైవ్

నవంబర్ 11, సోమవారం

ఈ డైరీ ఎవరి చేతిలో పడ్డా సరే, ముందు నాకొకటి చెప్పు. రెండు వందల మంది ఎదుట ఈ మాట నేను రాయలేదని ప్రమాణం చేశావు. రుజువు ఒకే ఒక్క చోట ఉంది. అది తెరుచుకోవడం లేదు. ఏం చేస్తావు?

నిన్న సభలో అదే జరిగింది. అబిడ్స్‌లో విజయేందర్ గారి బట్టల షాపు పైన హాలు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం అక్కడే నా ప్రవచనం. కార్తీకం కదా, దీపం గురించి చెబుతున్నాను. వెలుగుకు ముత్తయిదువ అని లేదు, విధవ అని లేదు అని గర్జించాను. కాలేజీ లెక్చరర్ రశ్మి లేచింది. ఆమె చేతిలో 2002లో అచ్చయిన నా పుస్తకమే. నూట నలభై రెండో పేజీ చదివింది. భర్త పోయిన స్త్రీ సభలో దీపం ముట్టరాదు అని ఉంది. మరి గిదేంది సార్, అప్పుడొక దేవుడు, ఇప్పుడొక దేవుడా అంది. హాలంతా నవ్వు.

నేను రాయలేదు. పక్కనే ఉన్న గ్రంథం మీద చెయ్యి వేసి చెప్పాను. కంపోజింగ్ చేసిన ప్రభావతే కలిపింది అన్నాను. మైక్‌లో అన్నాను.

ప్రభావతి ముందు వరసలోనే ఉంది. అప్పట్లో నాంపల్లిలో డీటీపీ సెంటర్ నడిపేది. ఆరేళ్ల కిందట భర్త పోయాడు. ఆమెతోనే సభలో మొదటి దీపం వెలిగిస్తున్నాం. లేచి, మీ చేతిరాతనే సార్, నేను అక్షరం ముట్టలే అంది. మీ కాయితాలన్ని స్కాన్ చేసి జిప్ డిస్క్‌ల పెట్టి ఇచ్చిన, చూస్కోన్రి అని కూర్చుంది.

సభ కమిటీ పెద్ద విజయేందర్ గారు వచ్చే ఆదివారం దాకా గడువిచ్చారు. ప్రభావతి అబద్ధమాడిందని తేలితే ఇక సభ మెట్లెక్కకూడదు. డిస్క్ తెరుచుకోకపోతే నా మాటే చెల్లుతుంది. ఈ షరతులు పెట్టింది నేనే.

నవంబర్ 12, మంగళవారం, ఉదయం 11

ప్రభావతి సెంటర్ మూసేటప్పుడు ఆ కంప్యూటర్ నేనే తెచ్చుకున్నాను. జిప్ డ్రైవ్ దాని పొట్టలోనే బిగించి ఉంది. ఫ్లాపీ కంటే మందమైన నీలం డిస్క్ పడుతుంది అందులో. చేతిరాత పేజీలు కాగితాలవాడికి ఎప్పుడో పోయాయి, మిగిలింది ఈ డిస్కే.

ఆన్ చేశాను. విండోస్ 98 వచ్చింది. మై కంప్యూటర్‌లో జిప్ డ్రైవ్ గుర్తే లేదు. అసలు అలాంటిది పుట్టనే లేదన్నట్టుంది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో రిపేర్లు చేసే మహీధర్‌కు ఫోన్ చేశాను. కంప్యూటర్ పక్క మూత ఇప్పమన్నాడు. ఒకే కేబుల్ మీద సీడీ డ్రైవూ, జిప్ డ్రైవూ ఉన్నాయి. నిరుడు కొత్త సీడీ డ్రైవ్ వేసినవాడు చూసుకోలేదు, రెంటికీ వెనక పిన్నుల మీది చిన్న తొడుగు, జంపర్, మాస్టర్ స్థానంలోనే ఉంది. ఇద్దరు మాస్టర్లుంటే ఒక్కడు గూడ పల్కడు సార్, మీ కమిటీ లెక్కనే అన్నాడు. నవ్వలేదు నేను.

చిన్న పట్కారుతో జిప్ డ్రైవ్ జంపర్ తీసి స్లేవ్‌లో, అంటే రెండో స్థానంలో పెట్టాను. రెండుసార్లు కింద పడింది. మూడోసారి శ్లోకం చదువుకుంటూ పెట్టాను.

నవంబర్ 13, బుధవారం, ఉదయం 10

డ్రైవ్ కనిపించింది! జయం అని అరిచాను. వంటింట్లోంచి విద్యావతి పరుగెత్తుకొచ్చింది.

డిస్క్ తోశాను. టిక్. టిక్. టిక్. పచ్చ లైటు మిణుకుతోంది. చదవలేకపోతున్నానని స్క్రీన్ మీద పడింది. తీసి మళ్లీ పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను. నాలుగోసారి బయటికి రాలేదు.

మహీధర్ ఫోన్‌లోనే తిట్టాడు. ఏంది సార్, టిక్ టిక్ అంటుంటే మళ్ల మళ్ల పెడ్తరా, చదివే హెడ్ దారి తప్పితే డిస్కును గోకుతది, జర ఆగున్రి అన్నాడు. పేపర్ క్లిప్ తిన్నగా చేసి డ్రైవ్ మీది చిన్న రంధ్రంలో గుచ్చమన్నాడు. డిస్క్ బయటపడింది. రెండూ తీసుకుని రేపు షాపుకి రమ్మన్నాడు.

అదే రోజు, సాయంత్రం

ప్రభావతి పాడైన డ్రైవే నాకు అంటగట్టింది. నిశ్చయం.

నవంబర్ 14, గురువారం

మహీధర్ డ్రైవ్ ఇప్పి లైటు కింద పెట్టాడు. లోపల ఎర్రటి పొడి. హెడ్ కదిలే సన్న కడ్డీ దగ్గర ఇరుక్కుని ఒక పసుపు బియ్యపు గింజ.

దసరాకు పూజ చేస్తరా సార్ అని అడిగాడు. ఔ అన్నాను. ఏటా ఆయుధపూజకు కుంకుమ బొట్టు పెట్టి, మంత్రం చదివి, అక్షింతలు వేసేది నేనే. డ్రైవ్ నోటి దగ్గరి మూత మూడేళ్ల కిందటే విరిగింది. దేవుని పేరు మీద మిషన్‌కు బువ్వ పెట్టిన్రు, గది అరగక సచ్చింది అని నవ్వాడు. షాపులో ఇంకో ఇద్దరు కూడా నవ్వారు.

భూతద్దంతో డిస్క్ అంచు చూశాడు. సన్నటి గీత పడింది గాని చిరగలేదు. గౌలిగూడ స్క్రాప్‌లో ఇట్లాంటి డ్రైవే ఒకటుంది, శనివారం తెస్తానన్నాడు. కానీ ఈ పాత దాంట్లో ఇంకొక్కసారి పెట్టినా డిస్క్ ఖతం, మీ దేవుడు గూడ తియ్యలేడు అన్నాడు.

నిన్న సాయంత్రం రాసిన వాక్యం కొట్టేయాలి. కొట్టేయలేదు.

నవంబర్ 15, శుక్రవారం, పౌర్ణమి

పొద్దున ప్రభావతి వచ్చింది. జిప్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ ఫ్లాపీ ఇంట్లో దొరికిందట, పనికొస్తదేమోనని తెచ్చింది. గుమ్మం బయటే నిలబడి ఇచ్చింది. విద్యావతి లోపలికి రమ్మంది. వద్దక్కా, ఆయితారం అయినంక వస్త, మెట్లెక్కనిస్తే అంది. నా వైపు చూడలేదు.

ఆమె వెళ్లాక విద్యావతి నెమ్మదిగానే అంది. అప్పట్లో మీరు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం చిన్న పుస్తకాలు కొని, ఏది నచ్చితే అది మీ రాతలోకి ఎక్కించేవారు, గుర్తుందా అంది. నోరు ముయ్యమన్నాను.

గుర్తు లేదు.

గుర్తు లేదనే రాస్తున్నాను.

నవంబర్ 16, శనివారం, మధ్యాహ్నం 12

మహీధర్ షాపులో, అతను స్క్రాప్ నుంచి తెచ్చిన డ్రైవ్‌లో డిస్క్ టిక్కుమనలేదు. ఫైళ్ల పేర్లు వరసగా వచ్చాయి. మహీధర్ ఎవరికో ప్రింటర్ చూపిస్తూ అటు తిరిగి ఉన్నాడు. ఒక్కో పేజీ తెరిచాను.

ఆ మాట ఉంది. నా చేతిరాత. కింద రెండు గీతలు నేనే గీశాను. పక్కన మార్జిన్‌లో సన్నటి పెన్సిల్‌తో ప్రభావతి రాసింది: సార్, ఇది అవసరమా? దాని కింద నా జవాబు, పెద్ద అక్షరాల్లో: చెప్పింది చెయ్యి.

దొరికిందా సార్, పెన్ డ్రైవ్‌ల కాపీ కొట్టాల్నా అని మహీధర్ అరిచాడు. కాదు, ఇది వేరే డిస్క్ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. పాత డ్రైవ్ కూడా ఇచ్చెయ్యమన్నాను. గది దేనికి సార్, మళ్ల బువ్వ పెట్టనీకా అన్నాడు.

శనివారం, 3 గంటలు

పాత డ్రైవ్ మళ్లీ బిగించాను. జంపర్ పని ఇప్పుడు చేతికి వచ్చేసింది, ఒక్కసారి కూడా కింద పడలేదు. ఏమవుతుందో తెలిసే డిస్క్ తోశాను. టిక్ టిక్ అని, తర్వాత గరగర. ఆగేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఏమిటా చప్పుడు అని విద్యావతి అడిగింది. గది తలుపు దగ్గరికి వేశాను.

విజయేందర్ గారికి ఫోన్ చేశాను. డిస్క్ తెరుచుకోలేదన్నాను. గింకేంది సార్, మీ మాటే మాట, రేపు పదింటికి ప్రభావతమ్మ పేరు తీసేస్తున్నమని చెప్పేద్దాం, మీరు ఫికర్ చెయ్యకున్రి అన్నారు.

శ్లోకం ఒక్కటీ నోటికి రాలేదు.

నవంబర్ 17, ఆదివారం, ఉదయం 7

ఆ పేజీ ఇక ఎక్కడా లేదు. నా తలలో తప్ప.

ఇంకా మూడు గంటలుంది. సభ దాకా ఆగకు, అక్కడ తప్పు ఒప్పుకున్నా నీకే చప్పట్లు కొడతారు. ముందు ప్రభావతి గుమ్మానికి పో. రాసింది నేనే, డిస్క్ చంపింది నేనే అని చెప్పు. తర్వాత ఆమె వెనకాల హాలు మెట్లెక్కు.

రేపు కాదు. పెన్ను కింద పెట్టు. లే.