మార్తకి కొన్న నీలం చీర

మంగళవారం, పడుకోబోయే ముందు

మార్తని సమాధి చేసి వచ్చాం. నాకింకా ఒళ్ళు మండిపోతోంది.

పోయిన ఆడమనిషికి పుట్టింటి చీర కప్పాలి కదా. మిరప కోతలకి కలిసి తిరిగిన దాన్ని, అది మంచాన పడ్డ మూడేళ్ళూ అన్నం తినిపించిన దాన్ని, పుట్టింటివాళ్ళెవరూ రాకపోతే ఆ చీర నేనే కొని కప్పా. మధ్యాహ్నం నందిగామ నుంచి దాని తమ్ముడు కారులో దిగాడు. నా చీర లాగి మూలన పడేసి, తను తెచ్చింది కప్పాడు.

"మా అక్కకి చీర పెట్టడానికి నువ్వెవరమ్మా?"

"ఈ మూడేళ్ళూ నువ్వెక్కడున్నావు నాయనా?" అన్నా.

పాస్టరుగారు ఊరుకోమన్నారు. ఎందుకు ఊరుకున్నానో.

నాకూ అన్నలున్నారు. వాళ్ళూ ఇట్లాగే దిగుతారేమో. ఆ చీర దులిపి తెచ్చుకున్నా. నేను పోతే ఇదే కప్పమని పక్కింటి కోటేశ్వరికి చెప్పా.

"ఎవడొచ్చి లాగుతాడో నేనూ చూస్తాగా పిన్నీ" అంది.

దానికి గుర్తుంటుందో లేదో. పొద్దున్నే మళ్ళీ చెప్పాలి.